అరచేతిలో ఓవర్‌డ్రైవ్: 1590ఏ డబ్బాలో గిటార్ పెడల్, ప్రాజెక్టు డైరీ

1వ రోజు: ఏ సర్క్యూట్, ఏ డబ్బా

ఓవర్‌డ్రైవ్ అంటే గిటార్ శబ్దానికి గరగర కలిపే పెడల్. మనం కట్టేదానికి మూడు నాబ్‌లు, ఒక ఫుట్‌స్విచ్, 9 వోల్టుల అడాప్టర్. డబ్బా హ్యామండ్ 1590ఏ సైజు, అల్యూమినియంతో పోత పోసినది, బయటి కొలతలు సుమారు 92 × 38 × 31 మిల్లీమీటర్లు. ఇందులో బ్యాటరీకి చోటుండదు, ఆ ఆలోచన ఇక్కడే వదిలేయాలి.

సర్క్యూట్‌కి ఆధారం ఐబనీజ్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ పెడల్ ట్యూబ్ స్క్రీమర్. దాని 1979 నాటి మోడల్ టీఎస్808లో పని అంతా రెండు భాగాలున్న ఒకే ఒక్క ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) చేస్తుంది. దాని ముందొకటి, వెనకొకటి ట్రాన్సిస్టర్ బఫర్‌లుంటాయి (సిగ్నల్ బలం తగ్గకుండా ముందుకు పంపే భాగాలు). ఆ పెడల్‌లో స్విచింగ్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతుంది కాబట్టి అవి అక్కడ అవసరం. ఇక్కడ మెకానికల్ స్విచ్‌తో ట్రూ బైపాస్ (పెడల్ ఆపితే సిగ్నల్ సర్క్యూట్‌లోకి రాకుండా నేరుగా బయటికి పోవడం) చేస్తున్నాం, అందుకే రెండు బఫర్‌లూ తీసేశాం. వాటితో పాటు చుట్టూ ఉండే రెసిస్టర్లూ పోయి బోర్డు బాగా చిన్నదైంది.

బఫర్ లేకపోతే గిటార్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) మీద బరువు పడుతుందన్న భయం అక్కర్లేదు. సిగ్నల్ లోపలికి వెళ్లే ఆప్‌ఆంప్ 3వ కాలికి సగం వోల్టేజి అందించే బయాస్ రెసిస్టర్ 510కే పెట్టాం (కే అంటే వెయ్యి ఓమ్‌లు, మెగ్ అంటే పది లక్షలు). ఇన్‌పుట్ దగ్గర పాప్ శబ్దం రాకుండా గ్రౌండ్‌కి 2.2 మెగ్ ఉంది. రెండూ కలిస్తే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 414కే, పికప్‌కి అది చాలు. అసలు టీఎస్808 డ్రాయింగ్‌లో ఆప్‌ఆంప్ దగ్గర బయాస్ 10కే ఉంటుంది. బఫర్ తీసేసి ఆ 10కే అలాగే ఉంచేస్తే మాత్రం ట్రెబుల్ అంతా చచ్చి గిటార్ దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. బఫర్ లేకుండా కట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఈ సర్క్యూట్ తీయగా ఎందుకు పలుకుతుందో ముందే అర్థం చేసుకుంటే తర్వాత విలువలు మార్చుకోవడం తేలిక. 2వ కాలి నుంచి 4.7కే, 47 నానో కెపాసిటర్ వరుసగా గ్రౌండ్‌కి వెళ్తాయి. ఈ జత మలుపు, అంటే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ అంకె) మారడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ, 720 హెర్ట్జ్ దగ్గర. అంతకన్నా కింది స్వరాలకు గెయిన్ తగ్గుతూ పోయి, బాగా కింద ఒకటికి చేరుతుంది. కాబట్టి లావు తీగల బేస్ పెద్దగా చీలదు (గరగరగా మారదు), మధ్య స్వరాలే చీలుతాయి. ఫీడ్‌బ్యాక్‌లో 51కే, దానికి వరుసగా 500కే డ్రైవ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్). నాబ్ మొదట్లో గెయిన్ దాదాపు 12, చివర్లో 118. ఫీడ్‌బ్యాక్‌కి అడ్డంగా ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్‌లు. సిగ్నల్ నాన్‌-ఇన్వర్టింగ్ కాలికి, అంటే దాన్ని తలకిందులు చేయని 3వ కాలికి వెళ్తోంది కాబట్టి, డయోడ్‌లు కోసిన అలకి అసలు సిగ్నల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. అల పైభాగం చదునుగా తెగిపోదు, గుండ్రంగా వంగుతుంది. పిక్ మెల్లగా తాకితే శుభ్రంగానూ, గట్టిగా కొడితే గరగరమనీ పలకడం వెనక ఉన్న కారణం ఇదే.

2వ రోజు: సామాను

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో సగానికి పైగా దొరుకుతాయి. 4558 ఐసీ గురించి వెతుకులాటే ఉండదు, మామూలు ఆంప్లిఫయర్ల బాస్-ట్రెబుల్ బోర్డుల్లో వాడేది అదే. 9 మిల్లీమీటర్ల చిన్న పాట్‌లు, తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్, డబ్బా మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మంచిది. మిగతా సామాను మొత్తం కన్నా ఆ స్విచ్చూ డబ్బా ఖర్చే ఎక్కువ.

రెసిస్టర్లు అన్నీ పావు వాట్, 1 శాతం మెటల్ ఫిల్మ్: 47 ఓమ్‌లు, 220 ఓమ్‌లు, 470 ఓమ్‌లు ఒక్కొక్కటి; 1కే మూడు; 4.7కే రెండు (ఒకటి ఎల్‌ఈడీకి), 10కే మూడు, 51కే, 510కే, 2.2 మెగ్ ఒక్కొక్కటి.

కెపాసిటర్లు: 47 పికో సిరామిక్ ఒకటి, 22 నానో, 47 నానో ఒక్కొక్కటి, 220 నానో రెండు, ఇవి పెట్టె ఆకారపు పాలియెస్టర్, 1 మైక్రో ఫిల్మ్ ఒకటి, 100 నానో సిరామిక్ ఒకటి, ఎలక్ట్రోలైటిక్ 47 మైక్రో, 100 మైక్రో ఒక్కొక్కటి, 25 వోల్టులవి. వాటి మీద 223, 473, 224, 105 అని కోడ్ ఉంటుంది. షాపులో 224 అడిగితే 104 చేతిలో పెట్టడం మామూలే, ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ చదువుకోవాలి. సిగ్నల్ దారిలో ఎక్కువ విలువ సిరామిక్‌లు వద్దు, కొన్ని రకాలు డబ్బా మీద తడితే ఆ చప్పుడునీ వినిపిస్తాయి.

పాట్‌లు: డ్రైవ్‌కి ఏ500కే, టోన్‌కి బీ20కే, వాల్యూమ్‌కి ఏ10కే (ఏ అంటే లాగ్, బీ అంటే సమానంగా మారే లీనియర్). అసలు పెడల్‌లో వాల్యూమ్ పాట్ 100కే, దాని వెనక బఫర్ ఉంది. ఇక్కడ బఫర్ లేదు కాబట్టి 10కే వాడితే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువగా ఉండి పొడవాటి కేబుల్‌నీ తట్టుకుంటుంది. 4558కి 10కే మోయడం కష్టమేమీ కాదు.

మిగిలినవి: 4558, ఎనిమిది కాళ్ల సాకెట్, 1ఎన్4148 రెండు (విరిగితే పనికొస్తాయని నాలుగు తెచ్చుకోవాలి), 1ఎన్5817 డయోడ్ ఒకటి, 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ, ప్లాస్టిక్ ఒంటి డీసీ జాక్, తెరిచి ఉండే రకం మోనో జాక్‌లు రెండు. డీసీ జాక్ లోహపుది వాడకూడదు. గిటార్ పెడల్స్‌లో మధ్య పిన్ నెగటివ్, బయటి వలయం పాజిటివ్. ఆ వలయం డబ్బాకి తగిలిందంటే అడాప్టర్ షార్ట్.

3వ రోజు: బ్రెడ్‌బోర్డు మీద

పవర్ దారి ముందు కట్టాం. అడాప్టర్ పాజిటివ్ నుంచి 1ఎన్5817 వరుసగా, ఆ తర్వాత 47 ఓమ్‌లు, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 100 మైక్రో, 100 నానో. 47 ఓమ్‌లు, 100 మైక్రో కలిస్తే మలుపు 34 హెర్ట్జ్. చౌక అడాప్టర్లలో వచ్చే 100 హెర్ట్జ్ హమ్‌ని ఇది మూడో వంతుకి తగ్గిస్తుంది. డయోడ్ ఎందుకంటే, మన ఇళ్లలో చేతికందే 9, 12 వోల్టుల అడాప్టర్లు రౌటర్లవి, వాటిలో చాలావరకు మధ్య పిన్ పాజిటివ్. పొరపాటున గుచ్చినా ఐసీ బతుకుతుంది.

రెండు 10కేలతో సగం వోల్టేజి, దానికి 47 మైక్రో. ఈ బిందువుకి వీబీ అని పేరు పెట్టుకున్నాం.

సిగ్నల్ దారి: ఇన్‌పుట్, 1కే, 22 నానో, 3వ కాలు. 3వ కాలి నుంచి వీబీకి 510కే. ఇన్‌పుట్ దగ్గరి 2.2 మెగ్, 2వ కాలి నుంచి గ్రౌండ్‌కి వెళ్లే 4.7కే, 47 నానో మొదటి రోజు చెప్పినట్టే. 1వ, 2వ కాళ్ల మధ్య డయోడ్‌లు, 47 పికో, 51కేతో వరుసగా డ్రైవ్ పాట్. డ్రైవ్ పాట్‌లో మధ్య కాలిని, వాడని చివరి కాలితో కలిపేయాలి. లోపలి స్లైడర్ ఒక్క క్షణం ఎగిరినా దారి తెగకుండా 500కే మిగులుతుంది. 1వ కాలి నుంచి 1కే ద్వారా 5వ కాలికి. 5వ కాలి నుంచి గ్రౌండ్‌కి 220 నానో, వీబీకి 10కే. 6, 7 కాళ్ల మధ్య 1కే. టోన్ పాట్ రెండు చివరలు 5, 6 కాళ్లకి, మధ్య కాలి నుంచి 220 ఓమ్‌లు, 220 నానో వరుసగా గ్రౌండ్‌కి. 7వ కాలి నుంచి 1 మైక్రో, 470 ఓమ్‌లు, వాల్యూమ్ పాట్ పైచివర. వాల్యూమ్ కింది చివర గ్రౌండ్‌కి, మధ్య కాలు అవుట్‌పుట్‌కి. అవుట్‌పుట్ కెపాసిటర్‌ని వాల్యూమ్ పాటే గ్రౌండ్‌కి ఖాళీ చేస్తుంది, అక్కడ విడిగా రెసిస్టర్ అక్కర్లేదు.

కొలతలు: ఐసీ 8వ కాలు 8.6 వోల్టులు, 1, 7 కాళ్లు 4.3. 3వ కాలి దగ్గర మీటర్ 4.1 చూపించింది. ఇది తప్పు కాదు. 10 మెగ్ మీటర్ పెట్టగానే 510కే మీద కొంత వోల్టేజి పడిపోతుంది. పాత 1 మెగ్ మీటర్ అయితే 2.9 కూడా కనిపించదు, ఐసీ పోయిందనుకుని మార్చేసేవాళ్లున్నారు. 3వ కాలిని నమ్మొద్దు, 1వ కాలిని చూడాలి. అక్కడ సగం వోల్టేజి ఉంటే మొదటి భాగం బాగున్నట్టే.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 400 హెర్ట్జ్, 20 మిల్లీవోల్టులు పంపి డ్రైవ్ సున్నాలో పెడితే 1వ కాలి దగ్గర సుమారు 115 మిల్లీవోల్టులు రావాలి. గెయిన్ 12 అని చెప్పి ఇక్కడ 6 కూడా లేదేమిటంటే, 400 హెర్ట్జ్ ఆ 720 మలుపుకి కింద ఉంది. సామాన్య మల్టీమీటర్ల ఏసీ కొలత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నమ్మదగ్గది కాదు కాబట్టి కిందనే కొలిచాం.

ఐసీలు మార్చి విన్నాం. 4558కీ టీఎల్072కీ తేడా ఉంది, కానీ చాలా కొంచెం. ఐసీ మీద ముద్రించిన అక్షరాల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం కన్నా 47 నానో కెపాసిటర్‌ని మార్చి చూడటం వంద రెట్లు మేలు. ఎల్‌ఎం358 మాత్రం వద్దు: నోట్ సన్నగిల్లి ఆగిపోయే చోట దాని క్రాసోవర్ డిస్టార్షన్ (అల సున్నాని దాటే చోట వచ్చే వికారం) ఇసుక రాలినట్టు వినిపిస్తుంది.

5వ రోజు: వెరో బోర్డు

వెరో బోర్డు అంటే రంధ్రాలూ వాటి వెంట రాగి ట్రాక్‌లూ ఉన్న బోర్డు. అందులో 13 × 12 రంధ్రాల ముక్క, సుమారు 33 × 30 మిల్లీమీటర్లు. డబ్బా లోపలి వెడల్పు దాదాపు 35, ఇంతకన్నా పెద్దది పట్టదు. రెసిస్టర్లు అన్నీ నిలువుగా నిలబెట్టాం. నిలువు రెసిస్టర్ పైకాలు తెరిచి ఉంటుంది, పక్కదానికి తగలకుండా తీగ మీది తొడుగు ముక్క తొడిగాం. ఎలక్ట్రోలైటిక్‌లు రెండూ పడుకోబెట్టాం. పైఅంచు నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఎత్తైనదేదీ పెట్టలేదు, డీసీ జాక్ ఒళ్లు దాని మీదకే వస్తుంది.

ఐసీ కింద నాలుగు ట్రాక్‌లూ కోయడం మరిచిపోకూడదు. 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పితే సరిపోతుంది. కోశాక బోర్డుని బల్బుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. వెంట్రుకంత రాగి అంచున మిగిలి ఉంటుంది, మామూలు వెలుగులో కనపడదు. సోల్డరింగ్ అంతా అయ్యాక ప్రతి రెండు ట్రాక్‌ల మధ్యా బ్లేడు వెనక అంచుతో ఒకసారి గీశాం. పవర్ పెట్టే ముందు మీటర్‌ని బీప్‌లో ఉంచి 4, 8 కాళ్ల మధ్య చూశాం. కెపాసిటర్ నిండేంతవరకు చిన్న కూత వచ్చి ఆగిపోవాలి. ఆగకపోతే షార్ట్.

6వ రోజు: రంధ్రాలు

కొలతలు కాగితం మీద గీసి డబ్బాకి అంటించి, పంచ్‌తో గుర్తు కొట్టి, ముందు 2 మిల్లీమీటర్ల రంధ్రం, తర్వాత స్టెప్ బిట్. పాట్‌లకి 7, ఫుట్‌స్విచ్‌కి 12, డీసీ జాక్‌కి 12, జాక్‌లకి 9.5, ఎల్‌ఈడీకి 3. వేగం తగ్గించి, చుక్క నూనె వేస్తే అల్యూమినియం బిట్‌కి అంటుకోదు. డ్రైవ్, వాల్యూమ్ పైన పక్కపక్కన. టోన్ వాటి కింద మధ్యలో. ఫుట్‌స్విచ్ కింది అంచు నుంచి 14 మిల్లీమీటర్ల దగ్గర.

జాక్‌లు ఎదురెదురుగా పెడితే ఈ డబ్బా మూతపడదు. ప్లగ్ పొడవే 32 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంటే ఒక్క ప్లగ్ ఈ గోడ నుంచి ఆ గోడకి దాదాపు చేరుతుంది. అందుకే ఒక జాక్‌ని పైఅంచు నుంచి 42 దగ్గర, ఇంకోదాన్ని 57 దగ్గర పెట్టాం. డ్రిల్ చేసే ముందు రెండు జాక్‌లకీ ప్లగ్‌లు గుచ్చి, డబ్బాలో ఊరికే పెట్టి చూసుకోవాలి. ప్లగ్ లేకుండా చూసిన కొలత అబద్ధం చెప్తుంది.

7వ రోజు: వైరింగ్

ఫుట్‌స్విచ్‌లో మూడు వరసలు, ఒక్కో వరసలో మూడు కాళ్లు, మధ్యది ఉమ్మడి. మొదటి వరస మధ్య కాలికి ఇన్‌పుట్ జాక్, రెండో వరస మధ్య కాలికి అవుట్‌పుట్ జాక్, మూడో వరస మధ్య కాలికి గ్రౌండ్. ఎఫెక్ట్ వైపు కాళ్లు: బోర్డు ఇన్‌పుట్, బోర్డు అవుట్‌పుట్, ఎల్‌ఈడీ నెగటివ్. బైపాస్ వైపు: మొదటి రెండూ ఒకదానికొకటి చిన్న తీగతో కలపాలి, మూడోది బోర్డు ఇన్‌పుట్‌కి. ఇలా చేస్తే బైపాస్‌లో బోర్డు ఇన్‌పుట్ గ్రౌండ్ అవుతుంది, గెయిన్ చివరిదాకా పెంచి వదిలేసినా శుభ్రమైన సిగ్నల్‌లోకి గరగర కారదు.

స్విచ్ కాళ్ల మీద ఐరన్ రెండు మూడు క్షణాలకు మించి ఉంచొద్దు. లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కాంటాక్ట్ పక్కకు ఒరుగుతుంది. ఆ రోజు పని చేస్తుంది, నెల తర్వాత నాలుగుసార్లు తొక్కితే ఒకసారి మూగబోతుంది. ముందు కాలికి, తీగకి విడివిడిగా సీసం పూసుకుంటే తాకించగానే అతుక్కుంటాయి.

పాట్‌ల వీపులకీ బోర్డు ట్రాక్‌లకీ మధ్య రెండు పొరల ఇన్సులేషన్ టేప్.

8వ రోజు: రెండు తప్పులు

మొదటిది. మూత తీసి పెట్టినప్పుడు అంతా పలుకుతోంది. బోల్ట్‌లు బిగించి గిటార్ గుచ్చితే ఎఫెక్ట్‌లోనూ బైపాస్‌లోనూ నిశ్శబ్దం. ప్లగ్ తీసి మీటర్ పెడితే షార్ట్ కనపడదు. తెరిచి ఉండే జాక్‌లో ప్లగ్ దూరగానే కొన వైపు స్ప్రింగ్ రేకు బయటికి వంగుతుంది. ఆ వంపులో రేకు చివర మూత లోపలి అంచుకి తగిలి సిగ్నల్‌ని గ్రౌండ్ చేసేస్తోంది. రేకు మీద సన్నని గీత, మూత మీద అదే పొడవు గీత కనిపించాక అర్థమైంది. జాక్‌ని పాతిక డిగ్రీలు తిప్పి, మూత లోపల ఆ చోట టేప్ అంటించాం. పరీక్ష ఎప్పుడూ ప్లగ్ గుచ్చి ఉంచి, మూత మూసి చేయాలి.

రెండోది. డ్రైవ్ ముప్పావు దాటి, టోన్, వాల్యూమ్ రెండూ చివరిదాకా పెడితే సన్నని ఈల. గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే ఆగుతోంది. అంటే అవుట్‌పుట్ ఎక్కడో ఇన్‌పుట్‌లోకి తిరిగొస్తోంది. ఈ సర్క్యూట్‌లో రెండు భాగాలూ నాన్‌-ఇన్వర్టింగే, బయటికి వచ్చే సిగ్నల్ లోపలికి వెళ్లే దానితో ఒకే దిశలో కదులుతుంది. కాబట్టి రెండు తీగలు పక్కపక్కన పడుకుంటే చాలు, వాటి మధ్య ఉండే ఒకటి రెండు పికోఫారడ్‌లే ఈల పుట్టిస్తాయి. పెద్ద డబ్బాలో ఇది అరుదు. ఇక్కడ బోర్డు ఇన్‌పుట్ తీగ, వాల్యూమ్ మధ్య కాలి తీగ రెండింటినీ అందంగా ఉంటుందని కలిపి మెలిపెట్టాం. అదే తప్పు. ఇన్‌పుట్ తీగ బదులు సన్నని షీల్డ్ వైర్ వేసి, షీల్డ్‌ని బోర్డు చివర ఒక్కవైపే గ్రౌండ్ చేశాం. అవుట్‌పుట్ తీగని ఎదుటి గోడ వెంబడి నడిపాం. మూడు నాబ్‌లూ చివర్లో ఉన్నా ఈల లేదు.

ఇలాంటివి వెతకడానికి ఆడియో ప్రోబ్‌ని మించింది లేదు: ఆంప్‌కి వెళ్లే కేబుల్ కొనకి 100 నానో కెపాసిటర్ కట్టి, దాని రెండో కాలితో 3, 1, 5, 7 కాళ్లు వరసగా తాకుతూ పోవాలి. శబ్దం ఏ రెండు చోట్ల మధ్య పోయిందో అక్కడే తప్పు.

10వ రోజు: విలువల సర్దుబాటు

47 నానో స్థానంలో 100 నానో పెడితే మలుపు 339 హెర్ట్జ్‌కి దిగుతుంది. సింగిల్ కాయిల్ పికప్‌లకి ఇది నిండుగా ఉంది, హంబకర్‌తో (రెండు కాయిల్స్ ఉండే పికప్) లావు తీగలు బురదగా మారాయి. రెండింటికీ వాడేవాళ్లకి 68 నానో మధ్యేమార్గం, మలుపు 498 దగ్గర పడుతుంది. ఈ డబ్బాలో అదే ఉంచాం.

డయోడ్‌ల ఒకవైపు ఇంకో 1ఎన్4148 వరుసగా కలిపితే అల పైనొకలా, కిందొకలా తెగుతుంది. 1981 నాటి బాస్ (Boss) కంపెనీ పెడల్ ఎస్‌డీ-1 దారి అదే. గొంతు కొంచెం విచ్చుకుంటుంది, వాల్యూమ్ కూడా కాస్త పెరుగుతుంది. డయోడ్‌ల బదులు ఎర్ర ఎల్‌ఈడీలు పెడితే శబ్దం బాగా పెరిగి, గరగర తగ్గింది. ఆంప్‌ని ముందుకు నెట్టడానికి మాత్రమే పెడల్ కావలసినవాళ్లకి అది బాగుంటుంది, సొంతంగా డ్రైవ్ కావాలంటే సిలికాన్ డయోడ్‌లే. అందుకే డయోడ్‌లని నేరుగా కాకుండా సాకెట్ స్ట్రిప్ ముక్కలో గుచ్చాం.

టోన్ పాట్ మామూలు లీనియర్ కావడంతో మార్పంతా రెండు చివరలకి దగ్గరగా పోగవుతోంది, మధ్యలో పెద్దగా కదలదు. అసలు పెడల్‌లో ఇందుకోసమే ఎస్ ఆకారపు వంపు ఉన్న ప్రత్యేక పాట్ వాడారు. 9 మిల్లీమీటర్ల సైజులో అది దొరికితే ఇది తీసి అది పెట్టాలి. ప్రస్తుతానికి నాబ్ గీత రెండు గంటల దగ్గర ఉంది, హంబకర్‌తో అక్కడే బాగుంది.